ఉబ్బసపు బిడ్డయు ముఖముమీది గుడ్డయు

కోస్తా జిల్లాలలోని ఒక చిన్న పట్టణము, అందులో ఒక దేవాలయము. 2021వ సంవత్సరపు వర్షాకాలము. రెండవ విడత కరోనా తగ్గుముఖము పట్టి, మూయబడిన తలుపులు తెరవబడి, విశ్వాసులు తిరిగి కూడుకొనుచున్న దినములవి. ఆ గుమ్మమునొద్ద పదునైదేండ్ల బాలిక నొకతెను చదువరి ఊహించుకొనవలెను. చిన్ననాటినుండి ఆమెకు ఉబ్బసము కలదు. గుడిలోనికి వచ్చునప్పుడు ఆమె ముఖమున మాస్కు సరిగనే యున్నది. రెండవ పాట నడుమ ఊపిరి బిగబట్టినట్లు కాగా, ఆమె దానిని ముక్కు క్రిందికి లాగుకొనెను. ప్రక్క వరుసలోని పెద్దామె అది చూచెను.

“ఏమ్మా, ముక్కు మీదికి లాక్కో. ఇంట్లో ముసలివాళ్లున్నవాళ్లం మేము” అని ఆమె గట్టిగానే పలికెను. నలుగురు తిరిగి చూచిరి. బాలిక తల్లి సిగ్గుపడి, “వేసుకుంటుందండి పిన్నిగారూ, ఉక్కగా ఉందని అలా తీసిందంతే” అని సర్దిచెప్పెను. బాలిక మరల మాస్కు పైకి లాగుకొని తల వంచుకొనెను. మరుసటి ఆదివారము ఆ తల్లి ఒంటరిగా వచ్చెను.

ఇందులో తప్పెవరిది? పెద్దామె భయము నిర్హేతుకమైనది కాదు. ఆ యేడు వేసవిలో అనేక గృహములు శవములను మోసినవి. బాలిక ఆయాసమును నటన కాదు. ఒకరి ప్రాణభయము, మరియొకరి ఊపిరి ఒకే బల్లమీద ప్రక్కప్రక్కన కూర్చుండినప్పుడు, పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ ఎవరిని ఏమి చేయుమని కోరుచున్నది? ఈ ప్రశ్న ఆనాటితో ముగిసినది కాదు గనుక దానిని నెమ్మదిగా విచారించుట మేలు.

మొదట సంగతులను ఉన్నవి ఉన్నట్లుగా చూడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కరోనాను విశ్వవ్యాప్తమైన తెగులుగా ప్రకటించెను. ఆ యేప్రిల్ మాసమునుండి మన దేశములోని అనేక రాష్ట్రములు బహిరంగ స్థలములలో ముఖము కప్పుకొనుటను తప్పనిసరి చేసినవి. కొన్నిచోట్ల జరిమానాలును విధింపబడెను. ప్రభుత్వ లెక్కల ప్రకారము చూచినను ఈ దేశములో ఆ వ్యాధివలన మరణించినవారు 5 లక్షల 30 వేలకు పైబడిరి. ఆ వ్యాధి లక్షణములేవియు కనబడని మనుష్యునినుండి కూడ, అతడు మాటలాడినప్పుడును పాడినప్పుడును వెలువడు సూక్ష్మ బిందువుల ద్వారా, మరియొకనికి అంటగలదు. మాస్కు ధరించుటలోని ముఖ్య భావమిదియే: ధరించువాడు తన్ను తాను కొంతవరకు కాపాడుకొనుచు, తనకు తెలియకయే తనలోనుండి వెలువడుదానినుండి పొరుగువానిని కాపాడుచున్నాడు. సామాన్యమైన గుడ్డ తక్కువగాను, శస్త్రచికిత్సలో వాడు మాస్కు అంతకంటె ఎక్కువగాను, ముఖమునకు చక్కగా అతుకుకొను ఎన్ 95 మాస్కు అన్నిటికంటె ఎక్కువగాను అడ్డుకొనును. ఏదియు సంపూర్ణమైన గోడ కాదు. అయినను సంపూర్ణము కాదను కారణమున ఉన్న మేలును విడిచిపెట్టుట వివేకము కాదు.

ఇక ఉబ్బసము సంగతి. ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు సన్నని గొట్టములు ఈ వ్యాధిలో వాచియుండును. దుమ్ము, పొగ, చల్లగాలి, జలుబు, మిరపకాయలు వేయించిన ఘాటు వంటివి తగులగానే ఆ గొట్టముల చుట్టునున్న కండరములు బిగిసికొని, లోపల జిగట చేరి, దారి ఇరుకగును. గాలి లోనికి పోవుటకంటె వెలుపలికి వచ్చుట మరింత కష్టమగును. రొమ్ములో పిల్లికూతలు వినబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో లోకములో 26 కోట్ల 20 లక్షల మంది ఈ వ్యాధితో నుండిరి. ఆ యొక్క సంవత్సరములో 4 లక్షల 55 వేల మంది దీనివలన మరణించిరి. భారతదేశములో దీనిని మోయువారు మూడు కోట్లకు పైగా నున్నారని లెక్కింపబడినది. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. అయినను 2020, 2021 సంవత్సరములలో బస్సులోనో బడిలోనో ఉబ్బసపు బిడ్డ దగ్గినయెడల చుట్టునున్నవారు దూరముగా జరుగుచుండిరి.

మాస్కు ఈ బిడ్డలకు హానికరమా? ఈ విషయమై వైద్యులు చెప్పినది స్పష్టముగానే యున్నది. ప్రాణవాయువు అణువులు మాస్కు నేతలోనుండి అడ్డులేక పోవును. ఉబ్బసము అదుపులోనున్నవారు సామాన్యమైన మాస్కు ధరించుటవలన వారి రక్తములోని ప్రాణవాయువు తగ్గుట లేదు. పైగా చలికాలములో మాస్కు లోపల గాలి వెచ్చబడి తేమ గలదగుటవలన కొందరికి అది ఉపశమనము కూడ. ఢిల్లీ వంటి నగరములలో కార్తీక మార్గశిర మాసములందు పొగమంచు కమ్ముకొనునప్పుడు మంచి ఎన్ 95 మాస్కు ఉబ్బసపు యౌవనులకే మేలు చేయును. అయితే అతుకు గట్టిగానున్న మాస్కు ఊపిరికి కొంత బిగువు కలుగజేయుననుటయు నిజమే. ముఖముపై వేడి చేరినప్పుడు రక్తములో లోటు లేకపోయినను, లోటు కలదను భయము మనస్సులో పుట్టవచ్చును. పూర్వము నిజముగా ఊపిరాడక ఆసుపత్రి మంచముపై రాత్రి గడిపిన బిడ్డకు ఆ భయము అల్పమైనది కాదు. ఆయాసము వచ్చిన క్షణమున మాస్కు తీసివేసి మందు పీల్చుకొనవలెననియు, తీవ్రమైన ఉబ్బసము గలవారు తమ వైద్యుని సలహాపై నడచుకొనవలెననియు చెప్పబడినది. చిన్నపిల్లల విషయములో కూడ, ఐదేండ్లును అంతకు లోబడినవారును ధరింపనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఆగస్టులోను, మన దేశపు ఆరోగ్య సేవల డైరెక్టరేటు 2021 జూనులోను తెలియజేసినవి. అనగా నియమమును ఏర్పరచినవారే దానికొక హద్దును కూడ ఏర్పరచిరి.

ఇప్పుడు ప్రశ్నకు రెండు సులువైన జవాబులు వినబడును. మొదటిది, “నియమము అందరికిని ఒక్కటే, ఒకరికి సడలించిన పదిమంది సడలించుకొందురు” అనునది. రెండవది, “ఎవరి ఊపిరి వారిది, ఇష్టము లేనివారు ధరింపనక్కరలేదు” అనునది. ఈ రెండింటిలోను ప్రేమ లేదు. మొదటిది మనుష్యుని చూడక నియమమునే చూచుచున్నది. రెండవది పొరుగువానిని చూడక తన్నే చూచుకొనుచున్నది.

రెండవ జవాబు ఎంత ప్రమాదకరమో చరిత్రలో ఒక దృష్టాంతము కలదు. 1910వ సంవత్సరాంతమున మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినప్పుడు, పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియెన్-తె అను చైనా వైద్యుడు అది గాలి ద్వారా వ్యాపించుచున్నదని గ్రహించి, దూదియు పలుచని గుడ్డయు కలిపిన ముసుగును ధరింపుమని అందరికిని బోధించెను. అతనికంటె వయస్సులోను అనుభవములోను పెద్దవాడైన మెస్నీ అను ఫ్రెంచి వైద్యుడు ఆ మాటను తృణీకరించి, ముసుగు లేకయే రోగులను పరీక్షించెను. కొద్ది దినములలోనే, 1911 జనవరిలో, అతడు ఆ ప్లేగుతోనే మరణించెను. ఆ తెగులు సుమారు 60 వేల మందిని బలిగొనినది. మెస్నీ రోగులయొద్దకు వెళ్లిన ధైర్యవంతుడే. కాని ఆ ధైర్యములో చిన్నవాని మాట వినలేని గర్వము కలిసియుండెను. స్వేచ్ఛ పేరిట మాస్కును త్రోసివేసిన బలవంతులు అతని త్రోవలోనివారు.

అయితే గుడిలోని ఆ బాలిక మెస్నీ కాదు. “చేయను” అనువానికిని “చేయలేను” అనువానికిని మధ్య ఆకాశమునకు భూమికి ఉన్నంత భేదము కలదు. ఇద్దరి ముఖములును వెలుపలికి ఒకే విధముగా కనబడును. ఇద్దరి ముక్కులమీదను గుడ్డ లేదు. ఇచ్చటనే తీర్పు తప్పిపోవుచున్నది. దావీదును అభిషేకించుటకు వెళ్లిన సమూయేలు వంటి ప్రవక్తయే ఎలీయాబు రూపమును చూచి పొరబడెను. దేవుని చూపు మనుష్యుని చూపు వంటిది కాదని అతనికి నేర్పవలసివచ్చెను. ఉబ్బసము కంటికి కనబడని బలహీనత. కుంటివానిని చూచి ఎవడును “ఎందుకు పరుగెత్తవు?” అని గద్దింపడు. కాని బిగిసిన ఊపిరిగొట్టమును చూడగలవారెవరు?

రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో పదునాలుగవ పదునైదవ అధ్యాయములు ఈ సందర్భమునకు మిక్కిలి దగ్గరగా నున్నవి. ఆహారము విషయమైయు దినముల విషయమైయు అచ్చటి విశ్వాసులలో బలవంతులు బలహీనులను చులకన చేయుచుండిరి, బలహీనులు బలవంతులకు తీర్పు తీర్చుచుండిరి. అపొస్తలుడు ఇరుపక్షములను ఆపి, తీర్పు ప్రభువుదని చెప్పి, భారమును మాత్రము బలవంతుల భుజముపై నుంచెను. బలము కలిగియుండుటయే ఒక అప్పు అని అతని బోధయొక్క సారము. మాస్కు విషయములో బలవంతుడెవడు? శ్రమలేక ఊపిరి పీల్చుకొనగలవాడే. గంటసేపు గుడ్డ కట్టుకొనుట అతనికి చికాకు మాత్రమే. ఆ బాలిక తీసివేయవలసివచ్చిన క్షణమున ఆమె కొరకు కూడ తాను ధరించియుండుట అతని వంతు. పదిమంది ధరించియున్నచోట ఒకతె కొంతసేపు ధరింపలేకపోయినను అపాయము అల్పమగును. పదిమందియు తీసివేసినచోట ఆమె ఒక్కతె ధరించియుండుట ఆమెకును చాలదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. మాటమీదనే మినహాయింపు ఇచ్చినయెడల అబద్ధికులు దానిని వాడుకొనరా? ఇంగ్లాండులో 2020లో ప్రయాణ వాహనములలోను దుకాణములలోను మాస్కు నియమము వచ్చినప్పుడు, ధరింపలేనివారు వైద్యుని పత్రము చూపనక్కరలేదని, వారి మాటయే చాలునని ఏర్పాటు చేయబడెను. అట్టి ఏర్పాటును దుర్వినియోగము చేయువారు ఏ దేశమునందైనను ఉందురు. అయినను ఒకని అబద్ధమునకు మరియొకని ఊపిరిని శిక్షించుట న్యాయము కాదు. అబద్ధ సాక్ష్యము పలికినవాడు తన దేవునికి లెక్క అప్పగించవలెను.

అట్లని బలహీనునికి బాధ్యత లేదని కాదు. గలతీయ సంఘమునకు వ్రాసిన పత్రికలోని ఆరవ అధ్యాయములో ఇతరుల భారములు మోయవలెననియు, ప్రతివాడు తన బరువు తాను మోయవలెననియు రెండును కొద్ది వచనముల వ్యవధిలోనే చెప్పబడినవి. ఇవి విరుద్ధములు కావు. ఉబ్బసము గల యౌవనస్థురాలు తన మనస్సాక్షిని ఇట్లు ప్రశ్నించుకొనవలెను: ప్రతిదినము పీల్చవలసిన మందును మానక పీల్చుచున్నానా? వైద్యునితో ఈ సంగతి మాటలాడితినా? మందమైన గుడ్డ పనికిరానప్పుడు తేలికైన మాస్కును ప్రయత్నించితినా? ఇంటిలో కొద్దికొద్దిసేపు ధరించి అలవాటు చేసికొంటినా? ఊపిరి బిగిసినప్పుడు గుంపు మధ్యనే తీసివేయక వెలుపలి వరండాలోనికి వెళ్లగలనా? వీటన్నిటికి యథార్థముగా జవాబు చెప్పుకొని, అయినను ధరింపలేకపోయిన బిడ్డకు ఏ నేరమును లేదు. వీటిలో ఒక్కటియు చేయక వ్యాధిని సాకుగా చూపు బిడ్డకు ప్రేమయందు ఇంకను ఎదుగుదల కావలెను. ఈ భేదమును ఆమెయు ఆమె దేవుడును ఎరుగుదురు. ప్రక్క వరుసవారు ఎరుగరు.

అయితే ఈ విచారణలో ఇంతవరకు తల్లిమాట ప్రక్కన ఉండిపోయినది. “ఉక్కగా ఉందని తీసింది” అని ఆమె చెప్పెను. అది నిజము కాదు. నిజమామెకు తెలియును. ఆమె చేతిసంచిలో అడుగున, జేబురుమాలులో చుట్టబడి, బిడ్డ ఇన్‌హేలరు ఉన్నది. ఆమె దానిని ఎందుకు దాచెను? బిడ్డకు పదునైదేండ్లు. నాలుగైదేండ్లలో సంబంధములు చూడవలెను. పిల్లకు ఉబ్బసమని సంఘములో తెలిసినయెడల ఎవరు ముందుకు వత్తురు? తెలుగు గృహములలో ఈ భయము పాతది. వ్యాధి పేరు పలుకక “కొంచెము ఎలర్జీ” అని చెప్పుదురు. పీల్చు మందు అలవాటైపోవునని భయపడి బిళ్లలతో సరిపెట్టుదురు. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములో బత్తిన కుటుంబమువారు కొర్రమీను పిల్లతో మ్రింగించు మందు కొరకు దేశము నలుమూలలనుండి వేలాదిమంది వరుసలలో నిలుచుందురు. 1845నుండి వచ్చుచున్నదని ఆ కుటుంబము చెప్పు ఆ మందుయొక్క గుణమును వైద్యశాస్త్రము ధృవపరచలేదు. కరోనావలన మూడేండ్లు ఆగి 2023 జూనులో అది తిరిగి పంచబడినప్పుడును జనము వచ్చిరి. ఊపిరి కొరకు మనుష్యుడు ఎంత దూరమైన ప్రయాణము చేయుననుటకు ఆ వరుసలే సాక్ష్యము. అపరిచితుల మధ్య ఆ వరుసలో నిలుచుండగలిగిన కుటుంబము, తనను ఎరిగిన సంఘము మధ్య బిడ్డ చేతికి ఇన్‌హేలరు ఇయ్యలేకపోవుట ఎంత దుఃఖకరము!

ఇప్పుడు పెద్దామె గద్దింపును మరియొకసారి చూడవలెను. ఆమె విన్నది ఉక్క అను మాట. ఉక్కకు మాస్కు తీసిన పిల్లను గద్దించుట ఆమె దృష్టిలో న్యాయమే. ఆమెకు నిజము తెలిసియుండిన గద్దించియుండదేమో. లేచి కిటికీ తెరిచియుండునేమో. ముఖముమీది గుడ్డ ఆ బాలికకు కొంతసేపే భారమైనది. దానికి ముందే ఆమెకు కప్పబడిన మరియొక ముసుగు కలదు, అది దాపరికము. గుడ్డ ముసుగు పొరుగువానిని కాపాడుటకు వేసికొనునది. దాపరికపు ముసుగు ఎవరినిని కాపాడదు. పొరుగువాడు మోయగల భారమును అతని కంటికి కనబడకుండ చేయును. వేషధారణను ప్రభువు అంత తీవ్రముగా ఖండించుటకు ఒక కారణమిది కావచ్చును: వేషము వేసికొనినవానిని ఎవరును ప్రేమింపలేరు, వాని వేషమును మాత్రమే ప్రేమింపగలరు.

కాని ఈ నేరమును తల్లి ఒక్కతెమీద వేయుటయు అన్యాయమే. ఆమె ఎందుకు దాచవలసివచ్చెను? నిజము చెప్పిన బిడ్డకు విలువ తగ్గించు సంఘము ఆమె చుట్టు ఉన్నది గనుక. కొడుకులకు సంబంధములు వెదకుచు, పిల్ల ఆరోగ్యమును గూర్చి గుసగుసగా విచారించువారు ఆదివారము అదే బల్లలమీద కూర్చుండి, బలహీనులను భరించుటను గూర్చిన ప్రసంగము విందురు. బలహీనతను చెప్పుకొనుటకు చోటులేని సహవాసము సత్యమును కోరుటకు తగినది కాదు. అందుచేత పశ్చాత్తాపము తల్లితో ఆరంభము కానక్కరలేదు. సంఘముతో ఆరంభము కావలెను.

లేవీయకాండము పదమూడవ అధ్యాయములో కుష్ఠరోగి పైపెదవిని కప్పుకొని పాళెము వెలుపల ఒంటరిగా నివసింపవలెనను విధి కలదు. అచ్చట కప్పుకొనుట వేరుపడుటకు గురుతు. కరోనా దినములలో కప్పుకొనుట అట్టిది కాదు. అందరును కప్పుకొనినది కలిసియుండుటకే, ఆరాధనకు తిరిగి కూడుకొనుటకే. కాని కనికరము లేనిచోట ఆ గుడ్డయే ఒక బిడ్డను మరల పాళెము వెలుపలికి పంపినది. కుష్ఠరోగిని చేయి చాపి ముట్టిన ప్రభువు పేరిట కూడుకొను స్థలములో అట్లు జరుగకుండవలెను. పక్షవాతముగలవానిని మోసిన నలుగురు జనసమూహమును నిందించుచు నిలువలేదు, రోగిని ఇంటికి తిరిగి పంపివేయలేదు, కప్పు విప్పిరి. సంఘపెద్దలు కూడ విప్పదగిన కప్పులున్నవి. కిటికీలు తెరచుట, వాటియొద్ద కొన్ని ఆసనములను ఆయాసపడువారికి విడిచిపెట్టుట, ఆరాధనకు ముందుగానే దుమ్ము దులుపుట, జనరేటరు పొగ లోనికి రాకుండ చూచుట, క్రిస్మసు రాత్రి టపాకాయలను మానుట, ఇవి పెద్ద ఖర్చు లేని కనికరములు.

2022లో మాస్కు నియమములు క్రమముగా తొలగింపబడెను. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. ఇప్పుడు ఆ బాలిక పెరిగి పెద్దదై ఏ నగరములోనో చదువుకొనుచుండవచ్చును, ఉద్యోగము చేయుచుండవచ్చును. జలుబుల కాలములోనో, పొగ కమ్మిన ఉదయముననో, తన ఊపిరిగొట్టములను కాచుకొనుటకు ఆమె మాస్కు ధరించి తెలుగు ఆరాధనకు వచ్చును. ఈసారి గుంపులో ధరించినది ఆమె ఒక్కతెయే. “ఇంకా ఎందుకమ్మా ఇది?” అని నవ్వువారుందురు. నాడు తీసినందుకు గద్దింపబడినది, నేడు పెట్టుకొనినందుకు నవ్వబడుచున్నది. గుడ్డ మారలేదు, బిడ్డ మారలేదు. కారణము అడుగకయే తీర్పు తీర్చు అలవాటు మాత్రము మారలేదు.

ఆదియందు మంటితో చేయబడిన మనుష్యునికి ఊపిరి దేవుని నోటినుండి వచ్చెనని ఆదికాండము బోధించుచున్నది. ఆరోగ్యవంతుడు ఆ వరమును తలంపకయే దినమునకు వేలసార్లు పుచ్చుకొనును. అర్ధరాత్రి మంచముమీద కూర్చుండి, ముందుకు వంగి, ఒక్కొక్క శ్వాసకై పెనుగులాడిన బిడ్డకు అది వరమని ఎవరును బోధింపనక్కరలేదు. అట్టి బిడ్డ సంఘములో నుండుట సంఘమునకు నష్టము కాదు. తాను పుచ్చుకొనుచున్నది ఎవరి దానమో సంఘమునకు జ్ఞాపకము చేయు సాక్షి ఆమె. గనుక ఈ ఆదివారము ప్రక్క వరుసలో ఎవరైనను ముసుగు తీసినను, వేసికొనినను, గద్దింపుకు ముందు ఒక ప్రశ్న చాలును: “ఊపిరి ఆడుచున్నదా అమ్మా? కిటికీ దగ్గరకు వత్తువా?” ఆ ప్రశ్న వినబడు గుడిలో తల్లి తన చేతిసంచి అడుగునుండి ఆ చిన్న ఇన్‌హేలరును అందరి యెదుట తీసి బిడ్డ చేతికి ఇయ్యగలదు.